చిట్టి కోళ్ల లెక్క: పన్నెండు గుడ్లలో మూడు ఎందుకు మురిగాయి?

బెంగళూరు రామమూర్తి నగర్‌లో మా మిద్దె మీద జపనీస్ బాంటమ్ అనే పొట్టి కాళ్ల చిట్టి కోళ్లు పెంచడం మొదలుపెట్టిన కొత్తలో పన్నెండు గుడ్లు ఇంక్యుబేటర్‌లో పెడితే తొమ్మిదే పిల్లలయ్యాయి. మూడు మురిగిపోయాయి. ఆ వారం రెండుసార్లు కరెంటు పోయింది కాబట్టి తప్పు ఇన్వర్టర్‌దే అనుకున్నాను. పక్కింటి పెద్దాయనది చింతామణి దగ్గర పల్లె. "ఉరుము పడింటుందప్పా, గుడ్ల పక్కన ఇనుప ముక్క పెట్టలేదా?" అన్నాడు. మా నాయనమ్మ కూడా గంపలో గడ్డి పరిచి గుడ్లు పొదగేసేటప్పుడు బొగ్గు ముక్కో ఇనుప ముక్కో పెట్టేది. రెండోసారి ఇంక్యుబేటర్ జోలికి పోకుండా పెట్ట కిందే వేశాను. ఇనుప ముక్కా పెట్టాను, పోయేదేముందని. పదకొండు గుడ్లకు మూడు మురిగాయి. మూడోసారీ దాదాపు అంతే.

ఉరుములు ఇంత లెక్కగా పడవు. ప్రతిసారీ నాలుగో వంతు గుడ్లు పోతున్నాయంటే వెనకాల ఏదో సూత్రం ఉండాలి. దాన్ని వెతుక్కుంటూ పోయాక అర్థమైంది, ఇన్నాళ్లూ ముద్దుగా చూసుకుంటున్న పక్షికి ఆ పొట్టితనం ఎక్కడినుంచి వచ్చిందో కూడా నాకు తెలియదని. నాలాంటివాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. శివాజీనగర్ వైపు పక్షుల అంగళ్లలో ఫ్యాన్సీ కోళ్లు కొనేవాళ్లను గమనించండి. రంగు చూస్తారు, ధర అడుగుతారు, ఫోన్‌లో ఫోటో తీసుకుంటారు. దీని తల్లిదండ్రులను చూపించమని అడిగేవాళ్లు అరుదు.

ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం. బాంటమ్ అంటే చిట్టి కోడి, అది ఒక జాతి పేరు కాదు. జావా దీవిలో బాంటెన్ అనే పాత రేవు పట్నం ఉంది. అక్కడ ఆగిన యూరప్ నావికులు చిన్న కోళ్లను ఓడల్లోకి ఎక్కించుకునేవాళ్లు, ఆ రేవు పేరే కోళ్లకు అంటుకుంది. క్రీడల పేజీలో కనిపించే బాంటమ్ వెయిట్ బాక్సర్ కూడా ఆ కోడిపుంజు పేరు పెట్టుకున్నవాడే. కొచ్చిన్ కోడి కేరళది కాదు, 1840లలో చైనా నుంచి ఇంగ్లండ్ చేరింది. పోలిష్ కోడి పోలండ్‌దని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. ఇది కొచ్చిన్ నుంచి తెప్పించిన ఒరిజినల్ అని నాకు ఒక దుకాణదారు నమ్మకంగా చెప్పాడు, పాపం ఆయనకు ఎవరు చెప్పారో.

స్థూలంగా బాంటమ్‌లు రెండు రకాలు. పెద్ద జాతి ఒకటి ఉండి, దానికి చిన్న నకలుగా తయారు చేసినవి కొన్ని: కొచ్చిన్ బాంటమ్, పోలిష్ బాంటమ్ అలాంటివి. పెద్ద రూపం అంటూ అసలు లేనివి ఇంకొన్ని: జపనీస్, సెబ్రైట్, రోజ్‌కోంబ్, సెరామా. పట్టులాంటి ఈకలుండే సిల్కీ దగ్గర దేశాలకే ఏకాభిప్రాయం లేదు. అమెరికా ప్రమాణాల్లో అది బాంటమ్, బ్రిటన్‌లో పెద్ద కోళ్ల లెక్కలోకి వస్తుంది. కాబట్టి "ప్యూర్ బాంటమ్" అని ఎవరైనా అంటే అందులో సమాచారం ఏమీ లేదు. అడగాల్సింది ఇది ఎలా చిన్నదైంది అని.

కోడి చిన్నదిగా కనిపించడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. మూడింటికీ మూడు వేర్వేరు ఖర్చులు.

మొదటి దారి నెమ్మదైనది. ఒంటి సైజును నిర్ణయించే జన్యువులు చాలా ఉంటాయి, ఒక్కొక్కటి కొంచెం కొంచెం ప్రభావం చూపిస్తుంది. ప్రతి తరంలో చిన్నవాటినే ఏరి జత కట్టుకుంటూ పోతే కొన్నేళ్లకు జాతి మొత్తం కుదించుకుపోతుంది. మన పుంగనూరు ఆవును ఇంకా ఇంకా పొట్టిగా చేయాలని చూసేవాళ్లు చేస్తున్నదీ ఇదే. ఈ దారిలో చివరిదాకా వెళ్లిన కోడి సెరామా. మలేషియాలోని కెలాంతన్ రాష్ట్రంలో పుట్టింది. థాయ్‌లాండ్ రాజులకు ఉండే రామ బిరుదు మీదుగా ఆ పేరు వచ్చిందంటారు. అర కిలో కూడా తూగదు. రొమ్ము విరుచుకుని, తల వెనక్కి వాల్చి, పోలీసు పరేడ్‌లో నిలబడ్డట్టు నిలబడుతుంది. మా అత్తగారు మొదటిసారి చూసి, "అల్లుడుగారూ, ఇది పులుసుకు పనికొస్తుందా, పోపుకా?" అని అడిగారు.

ఈ దారిలో చిక్కేమిటంటే చిన్నదనం నిలకడగా దిగదు. చిన్న జంటకు పుట్టిన పిల్లల్లో ఒకటి అరచేతిలో ఇమిడితే ఇంకొకటి నాటుకోడి పిల్లంత ఎదుగుతుంది. చూసినవాళ్లు మోసం జరిగిందనుకుంటారు, చాలాసార్లు జరిగింది మామూలు వారసత్వమే. మరీ చిన్న పెట్టలకు ఇంకో ఆపద ఉంది. గుడ్డు బయటికి రాక లోపలే ఇరుక్కుని చనిపోతాయి. అందుకే అనుభవమున్నవాళ్లు పుంజును చిన్నది చూసుకుని, పెట్టను కాస్త ఒళ్లున్నదాన్ని పెట్టుకుంటారు. సెరామా పుంజు ఎంత చిన్నదో చెప్పి అమ్మేవాళ్ల దగ్గర నేను పెట్టల సైజు అడుగుతాను.

రెండో దారి ఒకే ఒక్క జన్యువుది, త్వరగా చెప్పేస్తాను. ఎదుగుదల హార్మోన్ ఒంట్లో ఉన్నా, దాన్ని అందుకోవాల్సిన గ్రాహకం పాడైతే కోడి గిడ్డగా ఉండిపోతుంది. ఈ జన్యువు జెడ్ అనే లింగ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కోళ్లలో లింగం లెక్క మనుషులకు తలకిందులు: పుంజుకు రెండు జెడ్‌లు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. పెట్టకు ఉన్న ఒక్క జెడ్ తండ్రినుంచే వస్తుంది. అంచేత గిడ్డ పుంజును మామూలు పెట్టతో కలిపితే ఆడపిల్లలన్నీ గిడ్డవి, మగపిల్లలన్నీ చూపుకు మామూలువి. ఫ్రాన్స్‌లో బ్రాయిలర్ తల్లికోళ్ల మేత ఖర్చు తగ్గించుకోవడానికి దీన్నే వాడుకున్నారు. ఇందులో గుడ్లు మురగడం లాంటి దండుగ లేదు.

మూడో దారే నా మూడు గుడ్లను మింగింది.

జపనీస్ బాంటమ్‌ను జపాన్‌లో చాబో అంటారు. తోక నిటారుగా తలకన్నా పైకి లేస్తుంది, రెక్కల కొసలు నేలను తాకుతాయి, కాళ్లు ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. నడుస్తుంటే బొమ్మకు చక్రాలు కట్టి లాగినట్టుంటుంది. ఆ కాళ్ల పొట్టితనం ఒక జన్యు లోపం. ప్రతి కోడికీ ఈ జన్యువు రెండు కాపీలుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. అందులో ఒకటి పొట్టి కాపీ అయితే కాలి ఎముకలు పొట్టిగా ఆగిపోతాయి, కోడికి వేరే పెద్ద ఇబ్బంది ఉండదు. రెండూ పొట్టి కాపీలే అయితే పిండం బతకదు. చాలావరకు పొదుగు మొదలైన తొలి రోజుల్లోనే ఆగిపోతుంది.

లాండావర్, డన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1930లోనే ఇలాంటి పొట్టి కాళ్ల కోళ్ల మీద ఈ వారసత్వాన్ని విడదీసి చూపించారు. 2016లో చైనాలో షింగ్‌యీ అనే చోటి బాంటమ్ కోళ్లను పరిశీలించినప్పుడు జన్యువే దొరికింది. డీఎన్ఏలో దాదాపు 12,000 అక్షరాల ముక్క ఒకటి ఊడిపోయింది, దాంతోపాటు ఇండియన్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు కూడా పోయింది. పేరు చూసి ఇది మన దేశంలో కనిపెట్టారని అనుకోకండి. ఈ కుటుంబంలోని మొదటి జన్యువు చెడితే ఈగ పురుగు ఒంటినిండా ముళ్లలాంటివి వచ్చాయి, దాంతో ముళ్ల జంతువు హెడ్జ్‌హాగ్ పేరు పెట్టారు. తర్వాత దొరికినవాటిలో కొన్నిటికి ఆ జంతువులోని రకాల పేర్లు పంచారు, ఒకదానికి మన ఇండియా రకం వచ్చింది. ఎముక పొడవుగా ఎదగాలంటే ఈ జన్యువు పనిచేయాలి. ఒక కాపీ ఉంటే సగం పని జరుగుతుంది. ఒక్కటీ లేకపోతే పిండమే నిలవదు.

ఇప్పుడు లెక్క వేయండి. పొట్టి పుంజు, పొట్టి పెట్ట. ఒక్కోదాని దగ్గర ఒక పొట్టి కాపీ, ఒక మామూలు కాపీ. పన్నెండు గుడ్లు పెడితే సగటున మూడింటికి రెండూ పొట్టి కాపీలు పడతాయి, అవి పోతాయి. ఆరింటికి ఒక్కటి పడుతుంది, అవి పొట్టి కాళ్లవి. మిగతా మూడింటికి ఏదీ పడదు, వాటికి మామూలు పొడుగు కాళ్లు. ఉరుమూ లేదు, ఇన్వర్టరూ లేదు. పన్నెండు గుడ్లతో లెక్క ప్రతిసారీ అచ్చంగా ఇలాగే రాదు, నాలుగైదు విడతలు కలిపి చూస్తే దగ్గరికొస్తుంది.

దీన్నుంచి ఇంకో సంగతి తేలుతుంది. బతికున్న ప్రతి పొట్టి కాళ్ల కోడీ సగం మామూలుదే. రెండు పొట్టి కాపీలున్నది బతకదు కాబట్టి, నూటికి నూరు పొట్టి పిల్లలనే ఇచ్చే వంశం, అమ్మేవాళ్ల మాటలో లైన్, అంటూ లోకంలో ఉండదు. నాకు అలాంటి లైన్ అని చెప్పే అమ్మారు. పొడుగు కాళ్ల పిల్లలు పుట్టగానే ఫోన్ చేసి అడిగితే, మీ మిద్దె మీదికి ఏదో నాటు పుంజు వచ్చిపోయి ఉంటుంది సార్ అన్నాడు అమ్మినాయన. నాలుగో అంతస్తు మీదికి!

నష్టం గుడ్డులో జరిగే లక్షణాలు ఇంకొన్ని ఉన్నాయి. కొన్నిట్లో నష్టం గుడ్డు దాటాక బయటపడుతుంది. ఈకలు తిరగబడి ఉండే ఫ్రిజిల్ కోడిలో ఈకను కట్టే కెరాటిన్ జన్యువొకటి మారి ఉంటుంది. ఒక కాపీ ఉంటే ముచ్చటగా ఉంగరాలు తిరుగుతుంది. రెండు ఫ్రిజిల్‌లను జత కడితే నాలుగో వంతు పిల్లలకు రెండు కాపీలు పడతాయి. వాటి ఈకలు పెళుసై రాలిపోతుంటాయి, జనవరి చలికి వణుకుతాయి. అలాంటి ఒక పిల్లను నేను పాత సాక్సులో తల దూర్చేలా కత్తిరించి తొడిగి పెంచాను, మళ్లీ ఆ జత కట్టలేదు. ఫ్రిజిల్‌కు ఎప్పుడూ మామూలు ఈకల జోడీనే చూడాలి. రోజ్‌కోంబ్‌లో అయితే తల మీద ఆ గులాబీ జుట్టు జన్యువు రెండు కాపీలున్న పుంజుల వీర్యకణాలు చురుగ్గా ఈదలేవు, గుడ్లు ఖాళీగా మిగులుతాయి. సిల్కీ పట్టు ఈకలు దీనికి విరుద్ధం. రెండు కాపీలు ఉంటేనే కనిపిస్తాయి, హాని లేదు. ఈకలు తడిసి ముద్దవుతాయి, వానలో తడవనీయకుండా చూసుకుంటే చాలు.

సెబ్రైట్ గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్పాలి, దాని పుంజు అంత వింతది. బంగారు ఈక ప్రతిదాని చుట్టూ కాటుక గీసినట్టు నల్ల అంచు. పుంజుకు కొడవలి తోక ఈకలు ఉండవు, మెడ మీద వేలాడే సన్న ఈకలూ ఉండవు. ఈకలన్నీ పెట్టవే. పళ్ల ఈగల పరిశోధనకు 1933లో నోబెల్ అందుకున్న థామస్ హంట్ మోర్గాన్ దీని మీద కూడా పనిచేశాడు. 1919లో ప్రచురించిన పరిశోధనలో, వృషణాలు తీసేస్తే సెబ్రైట్ పుంజుకు పుంజు ఈకలు వస్తాయని చూపించాడు. మగతనం తీసేస్తే మగ ఈకలు! చర్మంలో ఉండే ఒక ఎంజైమ్ మగ హార్మోన్‌ను అక్కడికక్కడే ఆడ హార్మోన్‌గా మార్చేస్తుంది. ముడిసరుకు ఆగిపోతే ఆ మార్పూ ఆగిపోతుంది. డేగ, కాకి, నెమలి, పర్ల అంటూ ఈక చూసి పుంజు జాతకం చెప్పే మన గోదావరి పందెంరాయుళ్లు దీన్ని చూస్తే ఏమంటారో అనుకుంటుంటాను.

ఈ కోడిని తయారుచేసిన సర్ జాన్ సెబ్రైట్ 1809లోనే ఒక హెచ్చరిక రాసిపెట్టాడు. దగ్గరి రక్తసంబంధంలోనే మళ్లీ మళ్లీ జత కడుతూ పోతే తన కోళ్లు ఒళ్లు తగ్గి, పిల్లలు కనడంలో బలహీనపడ్డాయని. మన భాషలో ఇది మేనరికం. బెంగళూరులో ఏ పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లినా మన తెలుగువాళ్లను అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి కదా. బావామరదళ్ల పెళ్లిలో పుట్టిన బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 6.25 శాతం. మేనమామ పెళ్లిలో 12.5 శాతం. సొంత అన్నాచెల్లెళ్లను జత కడితే 25 శాతం. అంగట్లో ఒక పుంజు, రెండు పెట్టలు కలిపి ట్రయో అని అమ్ముతారు. ఒకే బుట్టలోంచి, ఒకే వయసువి తీసి ఇస్తే అవి సాధారణంగా తోబుట్టువులే. మొదటి తరంలోనే మనం మేనమామ పెళ్లికి రెట్టింపు దగ్గరితనంతో మొదలుపెడుతున్నామన్నమాట. పుంజును ఒకచోట, పెట్టలను ఇంకోచోట కొనడం కొంచెం శ్రమే. కానీ బాంటమ్‌లలో పిల్లలు రాకపోవడానికి నేను చూసిన కారణాల్లో ఇదే ఎక్కువ.

మరి మురిగిన గుడ్డు చూసి, పోయింది జన్యువుల వల్లనా మన చేతకానితనం వల్లనా అని ఎలా చెప్పడం? ఏడో రోజు రాత్రి చీకటిగదిలో ఫోన్ టార్చ్ మీద గుడ్డు పెట్టి చూడండి. సాలెగూడులా రక్తనాళాలు కనిపిస్తే పిల్ల ఎదుగుతోంది. ఏమీ లేక కాంతి బల్బులా వెలిగితే గుడ్డు ఫలదీకరణే కాలేదు, పుంజు సంగతి చూడాలి. కొచ్చిన్ బాంటమ్‌లైతే వెనక భాగంలో దట్టమైన ఈకలే అడ్డం, కత్తెరతో కత్తిరిస్తే సరిపోతుంది. లోపల ఎర్రటి ఉంగరంలా ఒక గీత మాత్రం కనిపిస్తే పిండం మొదలై ఆగిపోయింది. పొట్టి కాపీల జంట, దగ్గరి రక్తసంబంధం, గుడ్లు వారం దాటి నిల్వ ఉంచడం, ఎండాకాలం వేడి గదిలో పెట్టడం, ఇవన్నీ ఇక్కడే కనిపిస్తాయి. ఇరవై రోజులు ఎదిగి పెంకులోనే చచ్చిపోయి ఉంటే మాత్రం ముందు మిషన్‌ను అనుమానించండి. ఉష్ణోగ్రత 37.5 డిగ్రీల దగ్గర నిలవడం లేదు, లేదా ఆఖరి మూడు రోజుల్లో తేమ 65 శాతం దాకా పెంచలేదు. అన్నట్టు మామూలు కోడికి 21 రోజులు, సెరామాకు 19 రోజులకే పిల్ల కొట్టుకు రావచ్చు. గుడ్లను 18వ రోజు దాకా తిప్పుతూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది.

నా మూడు గుడ్లలోనూ ఎర్ర ఉంగరాలే కనిపించాయి.

పిల్లలయ్యాక సంగతులు వేరే ఏమంత లేవు, నాటుకోడి పిల్లలకు చేసేవే. ఒళ్లు చిన్నది కాబట్టి చలికి త్వరగా ముడుచుకుంటాయి. మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు చొప్పున తగ్గించాలి. నీళ్ల మూతలో గులకరాళ్లు వేయకపోతే మునిగిపోతాయి, నా దగ్గర ఒకటి అలా పోయింది. స్టార్టర్ దాణా గింజ వాటి నోటికి పెద్దదవుతుంది, మిక్సీలో ఒక తిప్పు తిప్పాలి. సముద్రమట్టానికి 900 మీటర్లు పైన ఉన్న మన ఊరి వాతావరణం ఈ కోళ్లకు వరమే. చెన్నైలో మే నెలలో సిల్కీలను బతికించుకునే మిత్రుల టెన్షన్ చూస్తే ఆ విలువ తెలుస్తుంది. కానీ గద్దలు ఇక్కడ తక్కువేం కావు, మిద్దె మీద పైన కూడా వల కట్టాల్సిందే. రాత్రి పందికొక్కులకు మామూలు కోళ్ల జాలీ లెక్కకాదు, అర అంగుళం వెల్డ్ మెష్ కావాలి.

టీకాల దగ్గర ఒక పొరపాటు చాలామంది చేస్తారు. చిన్న కోడి కదా అని కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా అర చుక్క వేస్తారు. బతికున్న వైరస్ టీకాకు ఒంటి బరువుతో పని లేదు, ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లో నిండు చుక్క పడాలి. నులిపురుగుల మందుకు మాత్రం బరువు లెక్క తప్పనిసరి. రాష్ట్రానికి టీకాలు తయారుచేసే సంస్థ మన హెబ్బాళలోనే ఉంది. ఇబ్బందల్లా, వయల్ ఒకసారి కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, అందులో వంద డోసులకు తక్కువ ఉండవు, నా దగ్గరుండేది పదిహేను పిల్లలు. కోళ్లు పెంచే మేం ముగ్గురం తారీఖులు కలుపుకుని పొదగేసుకుంటాం, ఒకే ఆదివారం పొద్దున ఐస్ డబ్బాతో మూడు ఇళ్లూ తిరిగేస్తాం.

తిరిగి గుడ్ల దగ్గరికి వస్తే, పరిష్కారం మొదటి విడత నుంచీ నా కళ్ల ముందే ఉంది. పొడుగు కాళ్లతో పుట్టిన పిల్లలు. వాటిని నకిలీ అని తక్కువకు అమ్మేస్తారు, కొందరు ఊరికే ఇచ్చేస్తారు. నేనూ ఒక పెట్టను ఇచ్చేయబోయాను. పొట్టి పుంజును ఆ పొడుగు కాళ్ల పెట్టతో కలిపి లెక్క వేసి చూడండి. పన్నెండు గుడ్లలో సగటున ఆరు పొట్టివి, ఆరు పొడుగువి. రెండు పొట్టి కాపీలు పడే దారే లేదు. పొట్టి జంటకు వచ్చేవీ ఆరే, ఈ జంటకు వచ్చేవీ ఆరే. ముద్దొచ్చే పొట్టి పిల్ల ఒక్కటి కూడా తగ్గదు, చచ్చే మూడు మాత్రం బతుకుతాయి. చెల్లెల్ని కట్టకుండా వేరే ఇంటి పొడుగు కాళ్ల పెట్టను తెస్తే మేనరికం సమస్యా తగ్గుతుంది.

నిరుడు కార్తీకంలో అలాగే చేశాను. పది గుడ్లలో ఒకటి ఖాళీగా వెలిగింది, తొమ్మిది పిల్లలయ్యాయి. ఎర్ర ఉంగరం ఒక్కదాంట్లోనూ లేదు. నాలుగు పొట్టివి, ఐదు పొడుగువి. పక్కింటి పెద్దాయనకు లెక్కంతా కాగితం మీద గీసి వివరించాను. ఓపిగ్గా విని, "ఇనుప ముక్క తీసేయలేదు కదప్పా?" అన్నాడు. తీయలేదు నిజానికి.

పొడుగు కాళ్ల ఐదింట్లో మూడు పుంజులయ్యాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు ఒకటి మొదలుపెడితే మిగతావి అందుకుంటాయి, కింది ఇంటివాళ్లకు నైట్ షిఫ్టులు. కూయకుండా మెడకు పట్టీ కట్టుకోవచ్చని ఎవరో చెప్పారు కానీ ఊపిరి బిగించే ఆ పని నాకు ఇష్టం లేదు. రెండింటిని పెద్దాయన పండక్కి చింతామణి తీసుకెళ్తానన్నాడు, పెంచడానికే అని ఒట్టేసి. మూడోదానికి ఇల్లు ఇంకా దొరకలేదు.